సంజ్ఞలూ విధులూ: వెబ్ పేజీలలో ట్యాగుల చరిత్ర

వ్యాకరణం చదివినవారికి ఒక క్రమం బాగా పరిచితం. శాస్త్రకారుడు ముందు సంజ్ఞలను నిర్దేశిస్తాడు. ఆ తర్వాతనే విధులు చెబుతాడు. పాణిని అష్టాధ్యాయి వృద్ధి అన్న సంజ్ఞతో మొదలవుతుంది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో మొట్టమొదటిది సంజ్ఞా పరిచ్ఛేదం. పరుషాలంటే ఏవో, సరళాలంటే ఏవో, ద్రుతప్రకృతికాలంటే ఏవో అక్కడ తెలుసుకున్నాక గాని సంధి పరిచ్ఛేదంలోని సరళాదేశం బోధపడదు. సంజ్ఞ తెలియనివారికి విధి వట్టి శబ్దంగా మిగులుతుంది. విధులు లేకపోతే సంజ్ఞలు వట్టి పట్టికగా మిగులుతాయి.

వ్యాకరణంతో ఏ సంబంధమూ లేని ఒక చోట, ఇంచుమించు ఇదే విభజన గత పదిహేనేళ్లలో స్థిరపడింది. మనం ఒక దుకాణం వెబ్‌సైటునో, ఆసుపత్రి వెబ్‌సైటునో తెరిచినప్పుడు, కళ్లకు కనిపించే పేజీతోపాటు అనేక చిన్న చిన్న ప్రోగ్రాము తునకలు కూడా మన బ్రౌజరులోకి దిగుతాయి. వాటిని ట్యాగులంటారు. ఎవరు వచ్చారో లెక్కపెట్టేది ఒకటి, ప్రకటనల సంస్థకు కబురు పంపేది ఒకటి, అభిప్రాయ సేకరణ చేసేది మరొకటి. వీటన్నిటినీ ఒకచోట నుంచి నడిపే సాధనం ట్యాగ్ మేనేజర్. దానిలో పని రెండు భాగాలుగా సాగుతుంది. పేజీలోని ఏ సమాచారాన్ని ఏ పేరుతో పిలవాలో చెప్పేది డేటా ఎలిమెంట్. ఏం జరిగినప్పుడు, ఏ షరతు మీద, ఏ ట్యాగు పని చేయాలో చెప్పేది రూల్. మొదటిది సంజ్ఞ అయితే రెండోది విధి.

ఈ విభజన ఎలా వచ్చిందన్నది ఈ వ్యాసానికి విషయం. ఇది కేవలం పనివారి సౌకర్యానికి సంబంధించిన చరిత్ర అనిపించవచ్చు. కాని పాఠకుని గురించి ఏం సేకరిస్తున్నారు, ఎందుకు, ఎవరికి పంపుతున్నారు అన్న ప్రశ్నలకు నేడు సూటిగా సమాధానం చెప్పగల పత్రం ఏదైనా ఉంటే, అది ఈ పేర్లూ నియమాలూ ఉన్న పట్టికే. ఆ పత్రం ఎలా పుట్టింది, దాన్ని ఎవరు చదవగలుగుతున్నారు అన్నది అందరికీ పట్టవలసిన సంగతి.

చిట్టాల కాలం

తొలినాళ్ల వెబ్‌లో లెక్క రాసేది సర్వరు. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలోని ఎన్‌సీఎస్‌ఏ కేంద్రంలో తయారైన సర్వరు ప్రోగ్రాము, తనను ఎవరు ఏ పేజీ అడిగినా చిట్టాలో ఒక పంక్తి చేర్చేది. అడిగిన యంత్రం చిరునామా, సమయం, అడిగిన పేజీ, ఇచ్చిన జవాబు సంకేతం, పంపిన బైట్ల సంఖ్య: పంక్తిలో ముఖ్యంగా ఉండేవి ఇవే. ఈ పద్ధతే తర్వాత అందరికీ ఉమ్మడి రూపమైంది. ఆ చిట్టాలను చదివి పట్టికలు వేసే ప్రోగ్రాములు వచ్చాయి. 1995లో కేంబ్రిడ్జిలో స్టీఫెన్ టర్నర్ రాసిన అనలాగ్ వాటిలో పేరు పొందింది.

చిట్టాకు ఒక సద్గుణం ఉంది. దానికి ఉద్దేశం లేదు. దుకాణదారు తానిచ్చిన సరుకు రాసుకున్నట్టే సర్వరు తానిచ్చిన పేజీని రాసుకుంది. అడిగినవారి గురించి ప్రత్యేకంగా ఆరా తీయలేదు. దాని లోపాలూ అక్కడి నుంచే వచ్చాయి. పాఠకుడు ఒకసారి చూసిన పేజీని బ్రౌజరు తన దగ్గరే దాచుకుని రెండోసారి చూపిస్తే సర్వరుకు ఆ సంగతి తెలియదు. ఒక పెద్ద సంస్థలోని వేలమంది ఒకే ప్రాక్సీ ద్వారా వస్తే చిట్టాలో వారంతా ఒక్కరుగానే కనిపిస్తారు. వెతుకులాట యంత్రాలు పంపే రోబోలు మనుషులుగా లెక్కకొస్తాయి. అన్నిటికంటె ముఖ్యంగా, ఇప్పుడు అడిగినవారూ ఇందాక అడిగినవారూ ఒకరేనా అన్నది చిట్టా చెప్పలేదు.

ఈ చివరి చిక్కుకు 1994లో నెట్‌స్కేప్ సంస్థలో లూ మోంటుల్లి ఒక పరిష్కారం కనిపెట్టాడు. సర్వరు ఒక చిన్న చీటీని బ్రౌజరు దగ్గర ఉంచుతుంది. బ్రౌజరు మళ్లీ వచ్చినప్పుడల్లా దాన్ని చూపిస్తుంది. అదే కుకీ. కొనుగోలుదారు బుట్టలో ఏముందో గుర్తుంచుకోవడం వంటి అవసరాలకు అది పుట్టింది. మామూలు పాఠకులకు దాని ఉనికి తెలిసింది మాత్రం 1996 ఫిబ్రవరిలో ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక రాసిన తర్వాతే. 1997 ఫిబ్రవరిలో వెలువడిన కుకీల ప్రమాణ పత్రం, పాఠకుడు చూస్తున్న సైటుకు చెందని మూడో పక్షం కుకీలను బ్రౌజర్లు వాటంతట అవి అంగీకరించకూడదని చెప్పింది. ఆనాటి రెండు ప్రధాన బ్రౌజర్లూ ఆ మాటను పట్టించుకోలేదు. తర్వాత జరిగినదంతా ఆ అలక్ష్యం మీద లేచిన కట్టడమే.

కనిపించని బొమ్మ

మూడో పక్షం పేజీలోకి రావడానికి దారి అంతకు ముందే తెరిచి ఉంది. 1993 ఫిబ్రవరిలో మార్క్ ఆండ్రీసెన్ పేజీలో బొమ్మను చేర్చే గుర్తును ప్రతిపాదించాడు. ఆ బొమ్మ ఏ సర్వరు మీదైనా ఉండవచ్చు. పేజీ తెరిచిన బ్రౌజరు ఆ సర్వరును బొమ్మ కోసం అడుగుతుంది. అడగడంలోనే తన చిరునామా, తాను ఉన్న పేజీ చిరునామా, తన దగ్గరున్న కుకీ చెప్పేస్తుంది. అప్పుడు బొమ్మలో ఏముందన్నది ముఖ్యం కాదు, అడగడమే ముఖ్యం. దశాబ్దం చివరికి ఒక పిక్సెల్ పొడవు, ఒక పిక్సెల్ వెడల్పు ఉన్న పారదర్శకమైన బొమ్మ ఈ పనికి సర్వసాధారణమైంది. 1999లో రిచర్డ్ స్మిత్ దాన్ని గురించి సామాన్యులకు అర్థమయ్యేలా ప్రశ్నోత్తరాలు రాసి, వెబ్ బగ్ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ కోసం పది రోజుల్లో తయారుచేసిన జావాస్క్రిప్టు భాష ఈ బొమ్మకు మాటలు నేర్పింది. బొమ్మను అడిగే చిరునామా చివర, ప్రశ్నార్థకం తర్వాత, ఏ సమాచారాన్నైనా చేర్చవచ్చు. తెర వెడల్పెంత, ఏ పేజీ నుంచి వచ్చారు, ఏ వస్తువు చూస్తున్నారు, ధర ఎంత అన్నవన్నీ పేజీలోని ప్రోగ్రామే కూర్చి పంపసాగింది.

ఇక్కడొక మలుపు ఉంది. చిట్టా తనకు చేరిన విన్నపాన్నే రాసుకునేది. ట్యాగు, సైటు యజమాని తెలుసుకోదలచినదాన్ని పంపుతుంది. అంటే ఏది తెలుసుకోవాలో ఎవరో ఒకరు నిర్ణయించాలి. ఆ నిర్ణయాన్ని ఎక్కడో రాయాలి. లెక్కలోకి ఉద్దేశం ప్రవేశించింది.

అంకెల గదులు

ఆ ఉద్దేశాన్ని తొలి తరం సంస్థలు రాసిన తీరు విచిత్రంగా ఉంటుంది. యూటా రాష్ట్రంలో 1996లో మొదలై ఆమ్నిచర్‌గా ఎదిగిన సంస్థ సైట్‌క్యాటలిస్ట్ అనే సాధనాన్ని అమ్మేది. కొనుక్కున్నవారికి అది ఖాళీ గదుల వరుస ఒకటి ఇచ్చేది. వాటికి పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి: ప్రాప్ 1, ప్రాప్ 2, ఈవార్ 1, ఈవార్ 2 అంటూ. ఏ గదిలో ఏం పెట్టుకోవాలన్నది కొన్నవారి ఇష్టం. ఒక సంస్థలో ఈవార్ 5 అంటే పాఠకుడు వెతికిన పదం. పక్క సంస్థలో అదే గది సభ్యత్వ స్థాయి. ఆ సంగతి పేజీలోని ప్రోగ్రాము చూస్తే తెలియదు. ఉద్యోగి ఒకరి దగ్గరున్న స్ప్రెడ్‌షీటులోనే ఉంటుంది. ఆ ఉద్యోగి మానేసి వెళ్లిపోతే గదులు మిగులుతాయి, వాటిలోకి సమాచారం చేరుతూనే ఉంటుంది, అర్థం మాత్రం పోతుంది. సంజ్ఞా పరిచ్ఛేదం చిరిగిపోయిన వ్యాకరణ గ్రంథమన్న మాట.

2005 ఏప్రిల్‌లో గూగుల్ అర్చిన్ అనే సంస్థను కొని, ఆ ఏడాది నవంబరులో గూగుల్ అనలిటిక్స్‌ను ఉచితంగా విడుదల చేసింది. దానితో ట్యాగు పెట్టడం పెద్ద సంస్థల పనిగా మిగలలేదు. ఒకరు నడిపే చిన్న సైటుకూ చేరింది. అర్చిన్ పేరు నేటికీ చెరగలేదు. మనకు ఈమెయిలులో వచ్చే లంకెల చివర కనిపించే యూటీఎమ్ అన్న మూడక్షరాలలో మొదటిది ఆ పేరుకు సంక్షేపమే. 2009 సెప్టెంబరులో అడోబీ సంస్థ ఆమ్నిచర్‌ను 180 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. లెక్కపెట్టడం అప్పటికే పెద్ద వ్యాపారం.

ఒకే పెట్టె

ట్యాగులు పెరిగిన కొద్దీ మూడు ఇబ్బందులు ముదిరాయి. మొదటిది కాలం. ప్రకటనల విభాగం వారం రోజుల ప్రచారానికి ట్యాగు కావాలంటుంది. సైటును మార్చే ప్రోగ్రామర్ల విడుదల నెలకొకసారి జరుగుతుంది. రెండోది చెత్త. ప్రచారం ముగిసినా, ఆ సంస్థతో ఒప్పందం ముగిసినా ట్యాగు పేజీలోనే ఉండిపోతుంది. తీస్తే ఏం పాడవుతుందో తెలియక ఎవరూ ముట్టుకోరు. మూడోది వేగం. ప్రతి ట్యాగూ వేరే సర్వరు నుంచి రావాలి కనుక పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది.

2000ల దశకం చివర ఈ మూడింటికీ ఒకే విరుగుడు అనేకచోట్ల తట్టింది. పేజీలో ఒక్క ట్యాగు మాత్రమే పెట్టి, మిగిలినవన్నీ దాని ద్వారా దించాలి. పేజీలోని పెట్టె మారదు. పెట్టెలోని సరుకు బయటి నుంచి మార్చవచ్చు. లండన్‌లో ట్యాగ్‌మ్యాన్, శాన్ డియేగోలో టీలియం, ఇంకా ఎన్‌సైటెన్ వంటి సంస్థలు ఈ సాధనాలతో వచ్చాయి. అట్లాంటాలోని సెర్చ్ డిస్కవరీ సంస్థ శాటిలైట్ అనే మేనేజరును తయారుచేసింది. 2013లో అడోబీ దాన్ని కొని డైనమిక్ ట్యాగ్ మేనేజ్‌మెంట్ అని పేరు మార్చింది. 2018లో మళ్లీ మొదటి నుంచి కట్టి లాంచ్ అన్నది. 2021లో ఆ పేరూ తీసేసి ఒట్టి ట్యాగ్స్ అంటోంది. పేర్లు ఇన్నిసార్లు మారినా, నేడు అడోబీ సాధనం ఉన్న ఏ పేజీ లోపలికి చూసినా శాటిలైట్ అన్న పాత పేరుతోనే ఒక వస్తువు కనిపిస్తుంది. ఊరి పేరు మారినా చెరువు పేరు పాతదే మిగిలినట్టు.

2012 అక్టోబరులో గూగుల్ తన ట్యాగ్ మేనేజరును ఉచితంగా ఇచ్చింది. అప్పట్లో దానిలోని మూడు భాగాలు ట్యాగ్, రూల్, మాక్రో. రెండేళ్ల తర్వాత వచ్చిన కొత్త రూపంలో రూల్ అన్న మాట ట్రిగ్గర్ అయింది, మాక్రో అన్న మాట వేరియబుల్ అయింది. అడోబీ మాత్రం రూల్ అన్న మాటనే నిలుపుకుంది. రెండోదాన్ని డేటా ఎలిమెంట్ అంది.

ఈ చివరి మాటకు పాత చరిత్ర ఉంది. సమాచార నిఘంటువులు తయారుచేసేవారు దాన్ని ఏనాటి నుంచో వాడుతున్నారు. ఆ నిఘంటువుల నిర్మాణానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం 11179 ప్రకారం డేటా ఎలిమెంట్ అంటే నిర్వచనం, గుర్తింపు, రూపం, అంగీకరించదగిన విలువలు ముందే నిర్ణయమైన సమాచార ఖండం. అన్నిటికంటె ముందున్నది నిర్వచనమే. ట్యాగ్ మేనేజర్లలోకి మాట వచ్చింది గాని ఆ బాధ్యత పూర్తిగా రాలేదు. పేరు ఏమిటి, సమాచారం ఎక్కడి నుంచి తీసుకోవాలి అని సాధనం తప్పనిసరిగా అడుగుతుంది. దాని అర్థం ఏమిటి, ఎందుకు కావాలి అని అడగదు.

పేరూ చోటూ

అంత లోపం ఉన్నా డేటా ఎలిమెంటు తెచ్చిన మేలు చిన్నది కాదు. అది పేరును చోటు నుంచి విడదీసింది. ఒక వస్త్ర దుకాణం సైటును ఊహిద్దాం. వస్తువు పేరు పేజీలో పెద్దక్షరాల శీర్షికలో ఉంటుంది. ఆ పేరు కావలసిన ట్యాగులు ఇరవై ఉన్నాయనుకుందాం. పాత పద్ధతిలో ఇరవై ట్యాగులూ శీర్షికను విడివిడిగా వెతికి చదివేవి. సైటు రూపం మార్చి శీర్షికను వేరేచోట పెట్టిన నాడు ఇరవైచోట్ల దిద్దాలి. కొత్త పద్ధతిలో వస్తువు పేరు అన్న ఒక డేటా ఎలిమెంటు ఉంటుంది. ఆ పేరు శీర్షికలో దొరుకుతుందా, కుకీలోనా, చిరునామా చివరనా, జావాస్క్రిప్టు వస్తువులోనా అన్నది అందులో ఒక్కచోటే రాసి ఉంటుంది. చోటు మారితే అక్కడ దిద్దితే చాలు. ట్యాగులకు పేరు తెలిస్తే సరిపోతుంది.

ఇంకొక అడుగు ముందుకు వేసి, పేజీ తన సమాచారాన్ని తానే ఒక పద్ధతి ప్రకారం ప్రకటించాలన్న ఆలోచన వచ్చింది. దాన్నే డేటా లేయర్ అన్నారు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ నీడలో ఏర్పడిన ఒక సమూహం 2013 డిసెంబరు 10న ఇందుకు ఒక నమూనాను ప్రచురించింది. పేజీ, వస్తువు, బుట్ట, లావాదేవీ, పాఠకుడు వంటి అంశాలకు అది ఉమ్మడి పేర్లు నిర్దేశించింది. అధికారిక ప్రమాణం స్థాయికి అది చేరలేదు. కాని గమనించవలసిన సంగతి ఒకటుంది: ఆ నమూనాలో గోప్యతకూ ఒక స్థానం ఉంది. ఏ సమాచారాన్ని ఏ తరగతి ట్యాగులు చూడవచ్చో రాసుకునే వీలు ఆనాడే ఇచ్చారు. ఆచరణలో అందరూ వస్తువునూ బుట్టనూ తీసుకున్నారు. గోప్యత గడి చాలాచోట్ల ఖాళీగానే మిగిలింది.

డేటా ఎలిమెంటుకు ఆయుర్దాయం కూడా నిర్ణయించవచ్చు. అడోబీ సాధనంలో ఒక విలువను ఆ పేజీ వరకే గుర్తుంచుకోమనవచ్చు, ఆ సందర్శన ముగిసేదాకా గుర్తుంచుకోమనవచ్చు, ఆ సందర్శకుడు మళ్లీ వచ్చినప్పటికీ గుర్తుంచుకోమనవచ్చు. తెర మీద ఇది కొన్ని ఎంపికలున్న చిన్న గడి. ఒక మనిషి ఈ రోజు చూసినదాన్ని ఆరు నెలల తర్వాత అతని పక్కన నిలబెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఆ గడిలోనే జరిగిపోతుంది.

నియమం అంగాలు

నియమానికి మూడు అంగాలు. ఒక సంఘటన: పేజీ తెరుచుకోవడం, మీట నొక్కడం, వీడియో సగం చూడటం. ఒక షరతు: ఇది ఫలానా పేజీ అయితేనే, బుట్ట ఖాళీ కాకుంటేనే. ఒక చర్య: ఫలానా సంస్థకు ఫలానా డేటా ఎలిమెంట్లు పంపు. షరతుకు మినహాయింపులూ చేర్చవచ్చు. వ్యాకరణంలో ఉత్సర్గాన్ని అపవాదం బాధించినట్టే ఇక్కడ మినహాయింపు నియమాన్ని ఆపుతుంది. రెండు నియమాలు ఒకే క్షణంలో మేల్కొంటే ఏది ముందన్నదానికి వరుస సంఖ్య ఉంటుంది. అడోబీలో ఎవరూ మార్చకపోతే ప్రతి నియమానికీ అది 50. తక్కువ సంఖ్య ఉన్నది ముందు నడుస్తుంది.

మంచి నియమం రాయడం చూసినంత తేలిక కాదు. కొనుగోలు పూర్తయిందని కృతజ్ఞతలు చెప్పే పేజీని తీసుకుందాం. ఈ పేజీ తెరుచుకుంటే అమ్మకం జరిగినట్టు లెక్కవేయి అన్న నియమం సరైనదిగానే కనిపిస్తుంది. కాని కొన్నవారు రసీదు కోసం ఆ పేజీని మళ్లీ తెరిస్తే రెండో అమ్మకం పడుతుంది. ఆర్డరు సంఖ్య ఉంటేనే, అదే సంఖ్య ఇంతకు ముందు పంపకపోతేనే అన్న షరతులు చేరితే గాని లెక్క నిలవదు. ఇలాంటి తప్పులకు చప్పుడు ఉండదు. ట్యాగు చెడితే పేజీ చెడదు, కొన్నవారికి ఏ ఇబ్బందీ రాదు. అంకెలు మాత్రం మెల్లగా అబద్ధమవుతాయి. వాటిని చూసి తీసుకునే నిర్ణయాలూ అంతే.

నియమాలతో అధికారం కూడా చేతులు మారింది. సైటులో ఏం నడవాలన్నది ఒకప్పుడు ప్రోగ్రామర్ల చేతిలో ఉండేది. ఇప్పుడు మార్కెటింగ్ విభాగంలోని వ్యక్తి ఒక నియమం రాసి, అనుమతి ఉంటే ప్రచురించవచ్చు. నియమంలో సొంత జావాస్క్రిప్టు రాసే వీలూ ఉంది. పరీక్షించే దశ, పై అధికారి ఆమోదించే దశ, ప్రజల ముందుకు వచ్చే దశ అని సాధనాలు మెట్లు కట్టాయి. ఆ మెట్లన్నీ ఒకే మనిషి ఎక్కేయవచ్చా అన్నది సంస్థ క్రమశిక్షణను బట్టి ఉంటుంది.

షరతు తప్పిన చోట

టికెట్లు అమ్మే టికెట్‌మాస్టర్ సంస్థ అనుభవం ఇక్కడ చెప్పదగినది. ఆ సంస్థ తన బ్రిటన్ సైటులో వేరొక సంస్థ తయారుచేసిన చాట్‌బాట్ స్క్రిప్టును పెట్టింది. సందేహాలు తీర్చే ఆ స్క్రిప్టు కార్డు వివరాలు అడిగే పేజీలోనూ ఉంది. 2018లో దొంగలు ఆ స్క్రిప్టును మార్చివేసి, కొన్నవారి కార్డు వివరాలు తమకు చేరేలా చేశారు. ఐరోపాలో 94 లక్షల మంది ఖాతాదారులు దీని ప్రభావానికి లోనై ఉండవచ్చని బ్రిటన్ సమాచార కమిషనర్ కార్యాలయం పేర్కొని, 2020 నవంబరులో 12.5 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. చెల్లింపు పేజీలో అలాంటి స్క్రిప్టు పెట్టడంలోని ప్రమాదాన్ని సంస్థ అంచనా వేయలేదన్నది ప్రధాన అభియోగం. ఆ స్క్రిప్టు ఏ సాధనం ద్వారా పేజీలోకి చేరినా, లోపించింది మన పరిభాషలో ఒక్క మినహాయింపు: చెల్లింపు పేజీ తప్ప.

అక్కడ దొంగలున్నారు. ఆసుపత్రుల విషయంలో దొంగలు కూడా లేరు. 2022 జూన్‌లో ది మార్కప్ అనే పరిశోధన పత్రిక, అమెరికాలో పేరెన్నికగన్న 100 ఆసుపత్రుల సైట్లను పరీక్షించి, 33 సైట్లలో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటాకు చెందిన పిక్సెల్ ఉందని తేల్చింది. వైద్యుని సమయం కోరుతూ మీట నొక్కినప్పుడు సమాచారం ఆ సంస్థకు చేరుతోంది. ఒక్కో అంశాన్నీ విడిగా చూస్తే ప్రమాదం కనిపించదు. మీట మీది అక్షరాలు, వైద్యుని పేరు, పాఠకుడు వెతికిన పదం, ఆ కంప్యూటరు చిరునామా. నాలుగూ ఒకే నియమంలో కలిసినప్పుడు ఫలానా చిరునామా నుంచి ఒకరు ఫలానా జబ్బుకు ఫలానా వైద్యుణ్ని చూడబోతున్నారన్న వాక్యం పూర్తవుతుంది. పదాలకు లేని అర్థం వాక్యానికి వచ్చింది. వైద్యునికి తప్ప ఇంట్లోవారికైనా చెప్పని మాట అది.

2023 ఫిబ్రవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్, మందుల ధరల మీద రాయితీలిచ్చే గుడ్‌ఆర్‌ఎక్స్ సంస్థ ఇలాంటి సమాచారాన్ని ప్రకటనల సంస్థలకు చేరవేసిందని 15 లక్షల డాలర్ల జరిమానాకు ఒప్పించింది. 2024 ఏప్రిల్‌లో కైజర్ సంస్థ, తన సైట్లలోనూ యాప్‌లలోనూ ఉన్న సాంకేతికతల వల్ల సమాచారం బయటికి వెళ్లి ఉండవచ్చని 1.34 కోట్ల మందికి తెలియజేయవలసి వచ్చింది.

సమ్మతి కూడా ఒక సంజ్ఞ

ఐరోపా చట్టం ఈ సమస్యను సమ్మతి వైపు నుంచి పట్టుకుంది. 2009లో సవరించిన ఈ-ప్రైవసీ ఆదేశం, పాఠకుని పరికరంలో ఏదైనా దాచడానికి ముందు అనుమతి అడగాలంది. 2018 మే 25 నుంచి అమలైన జీడీపీఆర్ ఆ అనుమతి ఎలా ఉండాలో బిగించి చెప్పింది. 2019లో ఐరోపా న్యాయస్థానం రెండు తీర్పులిచ్చింది. జూలై 29న వచ్చిన ఫ్యాషన్ ఐడీ తీర్పు, తన పేజీలో ఫేస్‌బుక్ లైక్ మీటను పెట్టిన దుకాణం, ఆ మీట ద్వారా జరిగే సేకరణకూ పంపిణీకీ తానూ ఉమ్మడిగా బాధ్యురాలే అంది. స్క్రిప్టు మాది కాదన్న వాదన ఇక చెల్లదు. అక్టోబరు 1న వచ్చిన ప్లానెట్49 తీర్పు, ముందే టిక్కు పెట్టి ఉంచిన గడి సమ్మతి కాదంది. 2022 జనవరిలో ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ, అంగీకరించడం కంటె నిరాకరించడం కష్టతరం చేసినందుకు గూగుల్ మీద 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్ మీద 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

ఈ తీర్పులు ట్యాగ్ మేనేజరులోకి చేరేసరికి ఏమవుతాయి? సమ్మతి అన్నది మరొక డేటా ఎలిమెంటు అవుతుంది. సమ్మతి ఉంటేనే అన్నది మరొక షరతు అవుతుంది. న్యాయమూర్తుల సుదీర్ఘ వాదం చివరికి అవును, కాదు అన్న రెండు విలువలకు కుదించుకుపోతుంది. అక్కడ జరిగే పొరపాటు అతి సామాన్యమైనది. పేజీ తెరుచుకున్న క్షణంలోనే నియమం నడుస్తుంది. పాఠకుడు ప్రశ్న చదివి జవాబిచ్చేది కొన్ని క్షణాల తర్వాత. షరతు లేని ఒక్క పాత నియమం చాలు, కాదన్నవారి సమాచారం కూడా ముందే వెళ్లిపోతుంది. నిరాకరించినవారి నుంచి కుకీలు లేని సంకేతాలు పంపే అమరికలూ ఉన్నాయి. కాదు అన్న మాటకు సంపూర్ణ మౌనమని అర్థమా, తగ్గించిన సంభాషణ అని అర్థమా అన్నది నియమం రాసినవారే తేలుస్తున్నారు.

మళ్లీ సర్వరు వైపు

బ్రౌజర్లు ఆలస్యంగానైనా 1997 నాటి మాట వైపు మళ్లాయి. 2017 నుంచి ఆపిల్ వారి సఫారీ మూడో పక్షం కుకీలను క్రమంగా కట్టడి చేసింది. దానికి పరిశ్రమ చెప్పిన జవాబులలో ముఖ్యమైనది సర్వరు వైపు ట్యాగింగ్. గూగుల్ 2020లోనూ, అడోబీ ఆ తర్వాతి సంవత్సరంలోనూ ఇందుకు సాధనాలిచ్చాయి. బ్రౌజరు సమాచారాన్ని సైటు యజమాని సర్వరుకు మాత్రమే పంపుతుంది. అక్కడి నుంచి ఎవరెవరికి చేరాలో సర్వరులోని నియమాలు నిర్ణయిస్తాయి.

ఇందులో మేలు ఉంది. పేజీ తేలికపడుతుంది, అపరిచితుల స్క్రిప్టులు పాఠకుని బ్రౌజరులోకి రావు, పంపేముందు అనవసరమైనదాన్ని తీసివేయవచ్చు. కాని నష్టమూ ఉంది. ఆసుపత్రుల సంగతి పత్రికకు ఎలా తెలిసింది? ఆ నియమాలు బ్రౌజరులో నడిచాయి కనుక, బ్రౌజరు నుంచి ఏ కబురు ఎక్కడికి వెళుతోందో ఎవరైనా కూర్చుని చూడగలరు కనుక తెలిసింది. అదే పని సర్వరులో జరిగితే బయటివారి కంటికి ఏమీ కనబడదు. పాతికేళ్ల ప్రయాణం తర్వాత మళ్లీ చిట్టాల కాలపు చీకటిలోకే వచ్చాం. నాటి చిట్టాకు ఉద్దేశం లేదు, నేటి నియమానికి ఉంది. ఆ ఉద్దేశం రాసి ఉన్న ఒకే ఒక్క పత్రం సంస్థ లోపల ఉన్న డేటా ఎలిమెంట్ల, నియమాల పట్టిక. నియంత్రణ సంస్థ అయినా, న్యాయస్థానమైనా, మనస్సాక్షి ఉన్న ఉద్యోగి అయినా ఇక చదవవలసింది దాన్నే.

ఇందులో తెలుగువారికి దూరపు సంబంధం మాత్రమే ఉందనుకోనక్కరలేదు. హైదరాబాదులోనూ అమెరికా నగరాలలోనూ ఈ పట్టికలు రాయడమే వృత్తిగా ఉన్నవారిలో మనవారున్నారు. 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం పొందిన భారత డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమ్మతి కోరే ముందు ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పాలంటుంది. ఆ మాటను ఇంగ్లీషులో గాని, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకునే అవకాశం ఇవ్వాలంటుంది. ఆ భాషలలో తెలుగు ఒకటి. అంటే ఈవార్ 5 అన్న గదిలో ఏముందో ఒక తెలుగు పాఠకురాలికి తెలుగులో చెప్పవలసి ఉంటుందన్న మాట.

పట్టికలో ప్రతి పేరు పక్కనా ఒక వాక్యం నిర్వచనం ఉంటే ఆ పని కష్టం కాదు. ఈమె ఏ వైద్యుని కోసం వెతికారో తీసుకుంటున్నాం, ఫలానా సంస్థకు పంపుతున్నాం, ఫలానా కారణానికి, ఇంతకాలం ఉంచుకుంటాం. ఈ వాక్యాన్ని ఆమె ముందుంచడానికి రాసినవారికి సంకోచం కలగకపోతే ఆ నియమం ఉండవచ్చు. సంకోచం కలిగితే తీసేయవలసింది ఆ నియమాన్ని. చిన్నయసూరి సంజ్ఞలను ముందు చెప్పింది చదివేవారికి అర్థం కావాలని. ఈ పట్టికలలోనూ పేర్లు చదివేవారికి అర్థం కావాలి. ఆ చదివేవారిలో, ఎవరి గురించి ఆ పేర్లు పెట్టారో ఆ మనిషి కూడా ఉండాలి.